ఏడో టేబుల్ ఫిర్యాదులు

ఆ హోటల్లో పంతొమ్మిదేళ్ళుగా సర్వర్‌గా పనిచేస్తున్న ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, జీతం రోజున పెట్టే సంతకంలో తప్ప అది ఎక్కడా కనిపించదు. యజమాని దగ్గర్నుంచి వంటాయన దాకా అందరికీ ఆవిడ మంచినీళ్ళక్క. కస్టమర్ కుర్చీ లాక్కుని కూర్చుని, సంచీ పక్కన పెట్టుకుని, తలెత్తి "ఎవరండీ" అనేలోగా గ్లాసు ఆయన ముందు ఉంటుంది. అడిగించుకుని పోసిన నీళ్ళు దాహం తీరుస్తాయేమో గానీ మర్యాద అనిపించుకోవని ఆవిడ సిద్ధాంతం. తన టేబుల్ దగ్గర ఇన్నేళ్ళలో ఒక్క మనిషి కూడా నోరు తెరిచి నీళ్ళు అడగలేదని గొప్పగా చెప్పుకునేది. గొప్పలు చెప్పుకునేవాళ్ళు లోకంలో కొల్లలు, చెప్పుకున్నంత పనీ చేసేవాళ్ళే తక్కువ. ఆవిడ ఆ తక్కువమందిలో మనిషి.

ఇక టిప్పు సంగతికొస్తే ఆవిడకి కొన్ని పట్టింపులున్నాయి. బిల్లు నల్ల అట్టలో పెట్టి టేబుల్ మీద ఉంచుతుంది, మూడడుగులు వెనక్కి వేస్తుంది, ఆ తరువాత వీపు తిప్పేస్తుంది. కుర్చీ జరిగిన చప్పుడు వినబడేదాకా ఎదుటి గోడ మీద గడియారాన్ని చూస్తూ నిలబడుతుందే తప్ప అట్ట వైపు కన్నెత్తదు. ఎవరు ఎంత పెట్టారో, అసలు పెట్టారో లేదో, వాళ్ళు గుమ్మం దాటాక గానీ ఆవిడకి తెలియదు. అందుకే వెళ్ళేవాళ్ళందరికీ ఆవిడ చెప్పే "మళ్ళీ రండి" ఒకే గొంతుతో, ఒకే బరువుతో ఉంటుంది. పెద్ద నోటు పెట్టినవాడికి ఎక్కువా ఉండదు, పైసా రాల్చనివాడికి తక్కువా ఉండదు.

ఈ పట్టింపు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, ఒక సాయంత్రం ఆవిడ కొంగు ముడి విప్పి చిల్లర గట్టు మీద పోస్తుంటే అత్తగారు చూసి మూతి మూడు వంకర్లు తిప్పింది. "చెయ్యి చాచే ఉద్యోగం! మన ఇంట్లో ఇచ్చిన చేతులే గానీ చాచిన చేతులు లేవమ్మా" అంది. ఆ ఇచ్చిన చేతులు ఎవరికి ఏమిచ్చాయో అత్తగారికే తెలియాలి. అప్పటికి ఆ ఇంటి కప్పు మూడు చోట్ల కారుతుంటే కింద పెట్టడానికి రెండు గిన్నెలే ఉన్నాయి. భర్త కరెంటు పనులు చేసేవాడు, మంచివాడు, తల్లి మాట్లాడేటప్పుడు స్విచ్చులు సర్దుకునే రకం. కోడలు మనసులో ఒక మాట అనుకుంది. ఈ ఉద్యోగం చేస్తాను, ఎవరైనా ఇస్తే తీసుకుంటాను, ఆరు నూరైనా చెయ్యి మాత్రం చాచను. ఆ మర్నాటి నుంచే వీపు తిప్పడం మొదలైంది.

ఆవిడకి పూర్తిగా వ్యతిరేకం దండాలయ్య అని పిలిచే ఇంకో సర్వర్. ఆవిడ తరువాత నాలుగేళ్ళకి చేరాడు. పనిమంతుడే, కాదనలేం. కాకపోతే అతని పనంతా బిల్లు వచ్చాకే మొదలవుతుంది. చిల్లర తెచ్చేటప్పుడు నోటుని ముక్కలు ముక్కలుగా విరిపించి తెస్తాడు, కస్టమర్ చేతికి చిన్న నోటు తగలాలని. పళ్ళు కుట్టుకునే పుల్లలు తెస్తాడు, మళ్ళీ తెస్తాడు, ఈలోగా తన నడుం నొప్పి కబుర్లు రెండు వదులుతాడు. దండాల్లో కూడా లెక్కుంది. బాగా పెట్టినవాడికి నడుం దాకా వంగుతాడు, కొద్దిగా పెట్టినవాడికి మెడ దాకా వంచుతాడు, ఏమీ పెట్టనివాడికి వీపు చూపిస్తాడు. "అక్కా, నువ్వు బిల్లు ఇవ్వగానే వీపు తిప్పుతావు, నేను ఇవ్వకపోతేనే తిప్పుతాను. ఎవరింటికి పచ్చనోట్లు వెళ్తున్నాయో చూడు" అని ఎగతాళి చేసేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఇంక ఆ హోటల్ తలుపు పక్కనున్న చెక్కపెట్టె గురించి చెప్పాలి. చాన్నాళ్ళ కిందట యజమాని ఎక్కడో పెద్ద హోటల్లో చూసొచ్చి ముచ్చటపడి చేయించాడు. పైన కంత, ముందు తాళం, 'మీ అభిప్రాయాలు' అని ఒక కాగితం, పక్కనే దారానికి కట్టిన చీటీల కట్ట. మొదటి వారం కస్టమర్లు సరదాపడి రాశారు. ఫ్యాను తిరగట్లేదని ఒకరు, ఉప్పెక్కువైందని ఒకరు, కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి మొహం చిట్లించుకుని కూర్చుంటే తిన్నది అరగట్లేదని ఇంకొకరు. కౌంటర్ దగ్గర కూర్చునేది యజమానే. ఆ రోజుతో తాళంచెవి పోయిందన్నాడు. పోయిందో పారేశాడో పైవాడికే ఎరుక. ఎండకి కాగితం మీద అక్షరాలు వెలిసిపోయాయి, తరువాత కాగితమే ఊడిపోయింది. పెట్టె మాత్రం అలాగే ఉంది. చీటీల కట్ట అయిపోయినప్పుడల్లా కౌంటర్లో గుమాస్తా అలవాటు కొద్దీ కొత్తది కట్టేవాడు.

ఆరేళ్ళ కిందట ఒక గురువారం మధ్యాహ్నం ఆ పెద్దాయన మొదటిసారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో సిరాపెన్ను, ఒక్కడే. ఏడో టేబుల్ దగ్గర కూర్చుని సూపు, రెండు రొట్టె ముక్కలు, టీ చెప్పాడు. ఆ వేళ దండాలయ్య వంతు. తన దగ్గరున్న విద్యలన్నీ చూపించాడు. పెద్దాయన బిల్లు మీద ఎంతుందో సరిగ్గా అంతే అట్టలో పెట్టి లేచాడు. ఒక్క బిళ్ళ ఎక్కువ లేదు. పోనీ వెళ్ళిపోయాడా అంటే అదీ లేదు. తలుపు దగ్గర ఆగి, చీటీ చింపి, అందరికీ వీపు పెట్టి చాలాసేపు రాసి, మడతలు మడతలుగా మడిచి పెట్టెలో వేసి మరీ వెళ్ళాడు.

దండాలయ్యకి ఒళ్ళు మండింది. "టిప్పు లేదు సరికదా, పైగా పితూరీనా!" అన్నాడు. పై వారం ఇంకో సర్వర్ చూసుకున్నాడు, అదే తంతు. ఆ పై వారం మరొకతను, మళ్ళీ అదే. అప్పటికి ఆ పెద్దాయనకి గుప్పిటాయన అని పేరు స్థిరపడిపోయింది. గురువారం మధ్యాహ్నం ఏడో టేబుల్ అంటే సర్వర్లందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. హెడ్ సర్వర్ విసుక్కుంటుంటే మంచినీళ్ళక్క ముందుకొచ్చింది. ఆకలేసి వచ్చిన మనిషే కదా, తను చూసుకుంటానంది. తను చూసుకుంటే రాయడానికి ఏముంటుందిలే అని లోపల కొంచెం గర్వం కూడా లేకపోలేదు.

ఆయన రాశాడు.

ఆ రాత్రి ఆవిడకి అన్నం సయించలేదు. నీళ్ళు ఆలస్యం కాలేదు, సూపు చల్లారలేదు, రొట్టె మెత్తగా ఉంది. మరి ఏం రాసినట్టు? పై వారం సూపులో ఉప్పు తగ్గించమని వంటాయనకి చెప్పింది, ఆయన రాశాడు. ఆ పై వారం తలుపు గాలి తగలకుండా కుర్చీ అటు తిప్పింది, రాశాడు. అప్పుడు గమనించింది, ఆయన కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. చెంచా గిన్నె అంచుకి తగిలి టకటకమంటోంది. పై గురువారం గిన్నె జారకుండా దాని కింద తడిబట్ట మడిచి పెట్టింది. టీ కప్పు సగమే నింపి తెచ్చింది, ఆయన తాగాక మిగతా సగం వేడివేడిగా తెచ్చి పోసింది. ఎందుకలా చేసిందో ఆయనకి గానీ ఇంకెవరికి గానీ చెప్పలేదు. ఆ రోజు ఆయన తలుపు దగ్గర మామూలు కన్నా రెట్టింపు సేపు నిలబడి రాశాడు.

మంచినీళ్ళక్కకి అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. సగం కప్పు తెచ్చినందుకు మోసం అనుకున్నాడో, తడిబట్ట చూసి తనని ఎగతాళి చేస్తున్నారనుకున్నాడో! అడుగుదామంటే నోరు రాలేదు. చేసిన మర్యాదకి రసీదు అడిగినట్టుంటుంది. మానేద్దామా అంటే, వణికే చెయ్యి కళ్ళ ముందు కనపడుతుంటే మానడం ఎలా? పై వారం కూడా సగం కప్పే తెచ్చింది. అలా ఆరేళ్ళు గడిచాయి. గురువారం సాయంత్రాలు ఇంటికి రాగానే అత్తగారు అడిగే మొదటి ప్రశ్న "రాశాడా?" అని. కోడలు "రాశాడు" అనేది. అంతే, ఆ పెద్దాయనకి ఏడు తరాల వెనక్కి అక్షింతలు పడేవి. ఎంత చాచే చెయ్యైనా అది తన కోడలి చెయ్యి మరి. దాన్ని అనే హక్కు తనకుంది గానీ ఎవడో గుప్పిటాయనకి ఎక్కడిదని ఆవిడ బాధ.

ఇంతలో హెడ్ సర్వర్ మోకాళ్ళ నొప్పులతో పని మానుకున్నాడు. ఆ హోటల్లో హెడ్ సర్వర్ అంటే పెత్తనం తక్కువేం కాదు. ఏ టేబుళ్ళు ఎవరికో పంచేది ఆ మనిషే. కిటికీ పక్కవి ఇచ్చినా, చేతులు కడుక్కునే పంపుల పక్కవి ఇచ్చినా నోరెత్తకుండా తీసుకోవాలి. పంపుల పక్కకి మంచి కస్టమరెవరూ రారు. వయసు ప్రకారం చూసినా, పని ప్రకారం చూసినా ఆ కుర్చీ మంచినీళ్ళక్కదే. ఆవిడకీ ఆశ ఉంది. పైకి అనలేదు గానీ, ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆవిడ కోరుకున్నది అదొక్కటే. అయితే దండాలయ్య అప్పటికే వంటింట్లో ప్రకటించేశాడు. తను హెడ్ అయిన మర్నాడే అక్కకి పంపుల పక్క టేబుళ్ళట, నీళ్ళకి దగ్గరగా ఉంటుందట.

ఎవరిని హెడ్ చెయ్యాలో తేల్చాల్సింది యజమాని కూతురు. తండ్రికి ఓపిక తగ్గడంతో ఆ మధ్యే హోటల్ బాధ్యత తీసుకుంది. అందరూ చిన్నమ్మగారంటారు. ఒక గురువారం మధ్యాహ్నం సర్వర్లని పిలిచి మాట్లాడింది. ఎవరి టిప్పులు ఎక్కువో చూస్తే సరిపోతుందని దండాలయ్య సలహా ఇచ్చాడు. టిప్పు కస్టమర్ జేబుని బట్టి కూడా ఉంటుంది కదా, కస్టమర్లు ఏమనుకుంటున్నారో తెలియాలంటే ఎలా అని ఆ అమ్మాయి ఆలోచనలో పడింది. సరిగ్గా అప్పుడే గుప్పిటాయన చీటీ పెట్టెలో వేసి తలుపు తీసుకుని వెళ్తున్నాడు. చిన్నమ్మగారి చూపు పెట్టె మీద పడింది. ఇదేంటని అడిగింది. కౌంటర్ దగ్గర తండ్రి నీళ్ళు నమిలాడు. విషయం తెలిసి ఆ అమ్మాయి తెగ సంబరపడింది. రేపు పొద్దున్న హోటల్ తెరవకముందే తాళం పగలగొట్టి అన్నీ చదువుదాం, దాన్ని బట్టే హెడ్‌ని పెడదాం అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సర్వర్లందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దండాలయ్య ఒక్కడే ధీమాగా ఉన్నాడు. గుప్పిటాయన తన గురించి రాసింది ఒక్కటే చీటీ, అక్క గురించి రాసినవి మూడొందలు. ఆ లెక్క మంచినీళ్ళక్కకీ తెలుసు. పంతొమ్మిదేళ్ళ పేరు రేపు అందరి ముందూ గంగలో కలవబోతోంది. మిగతా టేబుళ్ళకి ఎలా వడ్డించిందో ఆవిడకే తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు విషయమంతా విని, కాసేపు ఆలోచించి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "సిరాతో రాస్తాడన్నావు కదే. పొద్దున్నే అందరికన్నా ముందెళ్ళి ఆ కంతలో చెంబుడు నీళ్ళు పొయ్యి. నీ చేతిలో నీళ్ళుంటే ఎవడూ అనుమానించడు" అంది. భర్త స్విచ్చు బిగిస్తున్నవాడల్లా ఆగి, ఆలోచన బాగానే ఉందన్నట్టు తలూపాడు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో తల్లీ కొడుకూ ఒక్క మాట మీద నిలబడ్డది అదే మొదటిసారి.

పొద్దున్న ఆవిడ నిజంగానే అందరికన్నా ముందు వెళ్ళింది. గుమాస్తా వెనక తలుపు తీసి బయటికి వెళ్ళాడు. హాల్లో ఎవరూ లేరు. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. ఆవిడ జగ్గు నింపింది. జగ్గు చేత్తో పట్టుకుని పెట్టె ముందుకొచ్చి నిలబడింది. కంత ఆవిడ నడుం ఎత్తులో ఉంది. చెయ్యి ఒక్కసారి వంచితే చాలు, ఆరేళ్ళ తలనొప్పి కొట్టుకుపోతుంది. వంచబోయింది కూడా. కానీ మనసొప్పలేదు. ఏం రాసినా ఆ మనిషి వణికే చేత్తో కష్టపడి రాశాడు. అవి తన తప్పులే అయితే, తన తప్పులు తను వినాలి. వినకుండా తుడిచేసుకుంటే, ఇన్నేళ్ళూ వీపు తిప్పి నిలబడ్డదానికి అర్థమేముంది? ఆవిడ జగ్గు తీసుకెళ్ళి గ్లాసులు నింపింది. తిరిగొచ్చి బట్ట తీసుకుని పెట్టె మీది దుమ్ము కూడా తుడిచింది.

తొమ్మిదింటికి అందరూ చేరారు. వంటాయన ఐసు పగలగొట్టే సుత్తితో రెండు దెబ్బలు వేశాడు, తాళం ఊడింది. పెట్టెని ఏడో టేబుల్ మీదే బోర్లించారు. మడతలు మడతలుగా ఉన్న చీటీలు కుప్పగా పడ్డాయి. అంత కుప్ప చూసి దండాలయ్య ఈల వేశాడు. మంచినీళ్ళక్క గడియారం వైపు తిరిగి నిలబడింది.

చిన్నమ్మగారు ఒక చీటీ మడత విప్పింది. లోపల్నుంచి ఒక నోటు జారి టేబుల్ మీద పడింది. ఎవరో పొరపాటున వేసినట్టున్నారనుకుని ఇంకోటి విప్పింది. అందులోనూ నోటే. ఇంకోటి, మళ్ళీ నోటు. ఆ అమ్మాయి చీటీ వెలుతురుకి పెట్టి, వంకర అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ఏడో టేబుల్ చూసుకునే అమ్మకి. ఈ రోజు చలిగాలి ఎక్కువ. నేను రాకముందే కిటికీ రెక్క మూసి ఉంచారు. నేను వస్తానని గుర్తుపెట్టుకునే చోటు ఇప్పుడు నాకు ఇదొక్కటే."

గడియారం వైపు తిరిగిన ఆవిడ వీపు కదల్లేదు. చిన్నమ్మగారు ఇంకోటి తీసింది. అది రెండు చీటీల నిండా ఉంది.

"కప్పు సగమే నింపి తెచ్చారు. తాగాక మిగతా సగం తెచ్చారు. అది కూడా వేడిగానే ఉంది. గిన్నె కింద తడిబట్ట పెట్టారు. నా చెయ్యి సంగతి తెలిసిందని మొహంలో ఎక్కడా కనపడనివ్వలేదు. ఈ చేత్తో ఇంత రాయడం కష్టం. అయినా ఇవాళ రాయకుండా వెళ్ళలేకపోయాను."

అప్పుడు గాని సంగతి ఎవరికీ బోధపడలేదు. పై కాగితం ఊడిపోయిన పెట్టెని ఆ పెద్దాయన సర్వర్లకి టిప్పు వేసే పెట్టె అనుకున్నాడు. పక్కన చీటీలు కట్టి ఉంటే, ఎవరికి ఎందుకిస్తున్నామో రాసి, అందులో డబ్బు చుట్టి వెయ్యడం ఈ హోటల్ పద్ధతి అనుకున్నాడు. ఆరేళ్ళూ పద్ధతి తప్పకుండా పాటించాడు. ఆ మాట ఒక చీటీలో తనే రాశాడు. డబ్బు కళ్ళెదుట పెడితే తీసుకునేవాళ్ళు తల వంచాల్సి వస్తుందట, అలా కాకుండా గుట్టుగా ఇచ్చుకునే ఏర్పాటు చేసిన యజమాని సంస్కారం గొప్పదట. యజమాని గొంతు సవరించుకుని, చొక్కా సర్దుకుని, అదంతా ఆలోచించే చేశానన్నట్టు నిలబడ్డాడు. కూతురు కళ్ళెర్రజేసేసరికి మళ్ళీ కౌంటర్ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

చదువుతూనే పోయారు. కొన్నిట్లో సూపు చేసినవారికి ఇందులో సగం అని ఉంది. వంటాయన భుజం మీద తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు, పొయ్యి దగ్గర కూడా లేడు, చెమట ఎక్కడిదో మరి. అడుగున దొరికింది దండాలయ్య చీటీ. "ఈయన నాకు పదకొండు దండాలు పెట్టారు. ఈలోగా సూపు చల్లారింది. అయినా నిలబడి శ్రమపడ్డారు." అందులో ఒక చిన్న బిళ్ళ ఉంది. అందరూ ఘొల్లుమన్నారు. దండాలయ్య కూడా నవ్వాడు, నవ్వి తల గోక్కున్నాడు. తరువాత ఏమనుకున్నాడో ఏమో లోపలికెళ్ళి ఒక కుర్చీ, గ్లాసుడు నీళ్ళు తెచ్చాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి మంచినీళ్ళక్క ఆ హోటల్లో కస్టమర్ కూర్చునే కుర్చీలో కూర్చుంది. మొదటిసారి ఎవరో ఆవిడకి అడక్కుండా నీళ్ళిచ్చారు. ఆవిడ తాగి, కళ్ళు తుడుచుకుని, మొహం ఎత్తి కూర్చుంది. ఆ మొహంలో వెలుగు చూసి ఎవరు హెడ్ అని మళ్ళీ అడగాల్సిన పనే లేకపోయింది.

చిన్నమ్మగారు మాత్రం నొచ్చుకుంటోంది. ఇన్నాళ్ళూ ఆ డబ్బు అక్కకి అందలేదని, వచ్చే గురువారం పెద్దాయనకి జరిగింది చెప్పి క్షమాపణ అడుగుతానని, ఇకనుంచి అట్టలోనే పెట్టమని చెబుతానని అంది. మంచినీళ్ళక్క అప్పుడు నోరు విప్పింది. ఆ పొద్దున్న ఆవిడ మాట్లాడింది అదే మొదలు.

"వద్దమ్మా. ఆయన ఆరేళ్ళు ఇచ్చాననుకుంటున్నాడు, ఇచ్చాడు కూడా. అందలేదని ఇప్పుడు చెప్తే, అన్ని వారాలూ ఏమీ ఇవ్వనివాడిలా మా ముందు కూర్చున్నానా అని కుంగిపోతాడు. ఆరేళ్ళూ మా తల వంచనివ్వని మనిషి తలని మనం వంచుతామా?"

డబ్బు చీటీల్లో రాసినట్టే పంచారు. పెట్టెకి కొత్త తాళం వేసి, తాళంచెవి హెడ్ సర్వర్ చేతిలో పెట్టారు. ఆ హెడ్ సర్వర్ మొదటి పని టేబుళ్ళు పంచడం. దండాలయ్యకి పంపుల పక్కవి పడతాయని అందరూ అనుకున్నారు, అతను కూడా సిద్ధపడే ఉన్నాడు. ఆవిడ అతనికి పిల్లాపాపలతో వచ్చే కుటుంబాల పెద్ద టేబుళ్ళిచ్చింది. వాళ్ళని నవ్వించడం అతనికే వచ్చు. మనిషికి రెండు దండాలు మించకూడదని మాత్రం షరతు పెట్టింది. ఏడో టేబుల్ తనే ఉంచుకుంది.

సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తగారు నీళ్ళు పోశావా అని అడిగింది. కోడలు పొయ్యలేదని చెప్పి, పక్కన కూర్చుని, కప్పు గురించిన చీటీ తీసి చదివింది. అత్తగారికి చదువు రాదు. ఇంకోసారి చదవమంది, మూడోసారి తన చేతిలోకి తీసుకుని అక్షరాలు తడిమింది. ఆరేళ్ళపాటు ఆ మహానుభావుణ్ణి తిట్టిన తిట్లు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక కాసేపు కంగారుపడింది. తరువాత చీటీ జాగ్రత్తగా మడిచి కోడలి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు.

"నేను తప్పు మాటన్నానే. ఈ చెయ్యి ఎప్పుడూ చాచలేదు" అంది.

పంతొమ్మిదేళ్ళ తరువాత వచ్చిన మాట. కరెంటాయన స్విచ్చుల డబ్బా పక్కన పెట్టి, ఆ పూట తనే టీ పెట్టాడు.

మళ్ళీ గురువారం వచ్చింది. పెద్దాయన వేళకి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ని వింతగా చూడకూడదని ఆవిడ పొద్దున్నే అందరికీ గట్టిగా చెప్పింది, అందరూ అంత గట్టిగానూ చూడకుండా ఉండటానికి అవస్థపడ్డారు. ఆవిడ కిటికీ రెక్క మూసింది, గిన్నె కింద తడిబట్ట పెట్టింది, సగం కప్పు టీ రెండుసార్లు తెచ్చింది. అట్ట పెట్టి, మూడడుగులు వేసి, వీపు తిప్పింది. ఆయన బిల్లుకి సరిపడా పెట్టి లేచాడు. తలుపు దగ్గర రాశాడు, మడిచాడు, పెట్టెలో వేశాడు. "మళ్ళీ రండి" అందావిడ, ఎప్పటి గొంతుతోనే.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి తాళం తీసింది. చిన్నమ్మగారు, దండాలయ్య, వంటాయన వెనక చేరారు. ఆవిడే పైకి చదివింది.

"ఏడో టేబుల్ అమ్మకి. ఈ రోజు మొదటిసారి నీళ్ళు నేను పక్క టేబుల్ సర్వర్‌ని అడిగి తెప్పించుకున్నాను. మీ మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇంట్లో ఏదో మంచి జరిగి ఉంటుంది. సంతోషం."

మిగతావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. మంచినీళ్ళక్క మాత్రం చీటీ పట్టుకుని ఏడో టేబుల్ వైపు చూస్తూ, నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"అయ్యో, నీళ్ళు మర్చిపోయానా!" అంది.